ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఉద్యోగమా? నెల్లూరు నుంచి వెళ్ళేవాళ్ళు రూము ఇలా చూసుకోండి

హైదరాబాద్‌లో ఉద్యోగం అనగానే మన నెల్లూరు ఇళ్ళల్లో వచ్చే మొదటి మాట, "కూకట్‌పల్లిలో చిన్నాయన వాళ్ళున్నారు కదా, అక్కడ దిగు". దిగండి, నాలుగు రోజులు ఉండండి, కానీ ఆఫీసు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో అయితే రూము మాత్రం అక్కడ తీసుకోవద్దు. మా తమ్ముడు ఆర్నెల్లు అలా తిరిగాడు, రోజుకు మూడు గంటలు రోడ్డు మీదే పోయేవి, రాత్రి అమ్మకు ఫోన్ చేసే ఓపిక కూడా ఉండేది కాదు.

ముందు ఆఫీసు గేటు ఎక్కడో అడిగి తెలుసుకోండి. అడ్రసులో గచ్చిబౌలి అనో నానక్‌రామ్‌గూడ అనో ఉంటుంది, దాంతో ఏమీ తేలదు. విప్రో సర్కిల్ దగ్గరా, అమెజాన్ బిల్డింగ్ వైపా అని అడగండి. తర్వాత ఔటర్ రింగ్ రోడ్డుకు ఏ వైపు ఉండాలో చూసుకోవాలి. గౌలిదొడ్డి, కోకాపేట ఆఫీసులున్న వైపే, మణికొండ, ఖాజాగూడ రెండోవైపు. పొద్దున రద్దీలో ఔటర్ దాటడమే పెద్ద పని. ఒంటరిగా వెళ్ళేవాళ్ళకు గౌలిదొడ్డి, నానక్‌రామ్‌గూడ హాస్టళ్ళు నయం, ఆఫీసు దగ్గరైతే నడిచే పోవచ్చు. పెళ్ళాం పిల్లలతో వెళ్తే కొంచెం దూరమైనా మణికొండే చెప్తాను, ఇంటికి కావాల్సినవన్నీ చుట్టుపక్కలే దొరుకుతాయి. బండి తీసుకెళ్తే గుర్తుంచుకోండి, ఔటర్ మీదికి టూవీలర్లను రానివ్వరు, సర్వీస్ రోడ్డే గతి.

రూము చూడ్డానికి నారాయణాద్రి రైల్లో వెళ్తే సికింద్రాబాద్ వైపు దిగకుండా లింగంపల్లి దాకా పోండి, అక్కడ్నుంచి దగ్గర. బస్సులో ఎంజీబీఎస్‌లో దిగితే మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారి రాయదుర్గం వెళ్ళాలి, మెట్రో అక్కడితో ఆఖరు, మిగతాది బస్సో ఆటోనో.

ఆదివారం మాత్రం చూడొద్దు. ఆదివారం పది నిమిషాల్లో వచ్చిన దారే సోమవారం పొద్దున తొమ్మిదికి ఎంతసేపు పడుతుందో, ఆ టైముకే రూము నుంచి గేటు దాకా ఒకసారి వెళ్ళి చూస్తేనే తెలుస్తుంది.

రూములోకి వెళ్ళగానే బాత్రూమ్ కొళాయి చూడండి. దాని మూతి చుట్టూ తెల్లగా గట్టిపడి ఉంటే ఉప్పు నీళ్ళన్నమాట. ఎండాకాలంలో ట్యాంకర్ తెప్పిస్తారా, ఆ డబ్బులు ఎవరివి అని అక్కడే అడగండి. హాస్టల్ అయితే ఒక పూట డబ్బిచ్చి భోంచేయండి, మన నెల్లూరు మొలగొలుకుల బియ్యం అన్నం తిని పెరిగినవాళ్ళకు రెండు ముద్దల్లోనే సంగతి తెలిసిపోతుంది.

ఇవన్నీ కుదిరాకే అడ్వాన్సు. ఖాళీ చేసేముందు ఎన్ని రోజుల ముందు చెప్పాలి, ఎంత పట్టుకుంటారు అన్నది వాట్సాప్‌లో రాయించుకోండి, నోటిమాట నమ్మొద్దు. మా వాడు మొదటి హాస్టల్‌లో నమ్మాడు, అడ్వాన్సులో సగం తిరిగి రాలేదు.