సంతకు కోడి బుట్టలో వెళ్లాలి

మాది పర్లాకిమిడి దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు, సంతలో ఒడియా. పోయిన సంక్రాంతి ముందు నాటుకోళ్లను కాళ్లు కట్టి సైకిల్ హ్యాండిల్‌కు వేలాడదీసి బయల్దేరుతుంటే, అగ్రికల్చర్ చదివే మా మేనకోడలు గుమ్మంలో అడ్డం నిలబడింది.

"మావయ్యా, నిన్ను అలా వేలాడదీస్తే ఎలా ఉంటుంది? జంతువుల్ని బాధపెట్టి మొయ్యకూడదని 1960 నాటి చట్టంలోనే ఉంది."

ఈ కాలం పిల్లలు ఇలాంటివి బాగా అడుగుతారు. పొద్దున్నే ఐదింటికి గూడు తలుపు తియ్యమంటే మాత్రం దుప్పటి ముసుగేస్తారు.

అయినా పద్ధతి మార్చాను. వెదురు బుట్ట అడుగున గడ్డి పరచి, మూడు నాలుగు కోళ్లకు మించకుండా పెట్టి, పైన పాత నూలు చీర కప్పండి. చీకటిగా ఉంటే కోడి గోల చెయ్యదు. ఎండెక్కకముందే సంతకు చేరాలి. బేరగాడు కాళ్లు పట్టుకుని ఎత్తబోతే, రెక్కలతో కలిపి రెండు చేతులా పట్టుకోమనండి. నవ్వుతాడు. నవ్వనీ.

గూడు మోకాలెత్తున కట్టి, లోపల అడ్డంగా ఒక కర్ర పెట్టండి. కోడికి దాని మీద కూర్చుంటేనే నిద్ర. చీకటి పడగానే తలుపెయ్యాలి. ఒక్క రాత్రి మరిచిపోయి నాలుగు పెట్టల్ని అడవిపిల్లికి ఇచ్చుకున్నాను. గూడు పక్కన పొయ్యి బూడిద, పొడి మట్టి కలిపి పోస్తే అందులో పొర్లుతాయి, పేల బెడద తగ్గుతుంది.

కోడిపిల్లలకు మా అమ్మ చేసే మేత చెబుతాను. పాత కుండలో తడిపిన గడ్డి, పేడ కుక్కి, చెదలున్న చోట సాయంత్రం బోర్లించండి. తెల్లారి ఎత్తితే గడ్డి అంతా చెదలతో తెల్లగా కదులుతుంటుంది. నేల మీద దులపగానే తల్లి క్లుక్ క్లుక్ మని పిలుస్తుంది, పిల్లలు ఒకదాని మీదొకటి పడుతూ ఉరుకుతాయి.

అన్నిటికంటే టెన్షన్ కొక్కెర తెగులు, కోళ్లకు వచ్చే అంటురోగం. వచ్చిందంటే మెడలు మెలితిరిగి వాడలో గూళ్లన్నీ ఖాళీ. ఏడో రోజున కోడిపిల్లకు కంట్లో ఒక చుక్క లసోటా అనే టీకా మందు వెయ్యాలి, ఎనిమిదో వారంలో ఆర్‌టూబీ అనే టీకా సూది వేయించాలి. చిక్కేమిటంటే, మాకు దొరికే సీసా వంద కోళ్లకు సరిపడా ఉంటుంది, కలిపాక రెండు గంటల్లో వాడెయ్యాలి. ఐదు పెట్టలున్న ఇల్లు ఒక్కటే కొంటే దండగ. అందుకని మా మేనకోడలే వాడలో ఎవరికెన్ని కోళ్లున్నాయో నోట్‌బుక్‌లో రాసుకుని, థర్మాస్‌లో ఐసు వేసి మందు తెచ్చింది. కోళ్లు గూట్లో ఉండగానే పట్టుకోవాలి కదా, ఆ రోజు ఐదింటికి నన్నే లేపింది.