అంబాసిడర్‌కి కొత్త బుష్‌లు వేయిస్తున్నారా?

పాత అంబాసిడర్ వెనక కమాన్ కట్టలకి (బండి బరువు మోసే స్ప్రింగు పట్టీలు) బయట దొరికే రబ్బరు బుష్‌లు, అంటే ఆ కట్టల చివర బోల్టు చుట్టూ ఉండే రబ్బరు గొట్టాలు, వేయిస్తుంటే ఒకటి గుర్తుంచుకోండి. బండి జాకీ మీద ఉండగా బోల్టులు పూర్తిగా బిగించనివ్వకండి, మెకానిక్ "ఏం పర్లేదండి" అన్నా సరే. చక్రాలు నేలకు ఆనాక డిక్కీ మీద చేతులేసి రెండు మూడుసార్లు గట్టిగా నొక్కి ఊపి, ఆ బరువు మీదే ఫుల్‌గా బిగించాలి. గాల్లో బిగిస్తే, బండి దించగానే రబ్బరు మెలి తిరిగి అలాగే ఉండిపోతుంది. ఇక ఏటిగట్టు రోడ్ల మీద గుంతలో పడ్డప్పుడల్లా ఇంకా మెలిపడి త్వరగా చిరిగిపోతుంది. మామూలు గ్రీజు తగిలితే రబ్బరు ఉబ్బుతుంది, ఎక్కించడానికి సబ్బునీళ్లు చాలు. రబ్బరు బదులు పాలీయురేథేన్ (గట్టి ప్లాస్టిక్ లాంటిది) బుష్‌లైతే సిలికాన్ గ్రీజు రాయాల్సిందే, లేకపోతే కీచుమంటాయి. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి బోల్టులు తుప్పు పట్టేస్తాయి, పాతవి మళ్లీ వాడకండి.