ఎలక్ట్రిక్ గిటారు స్వయంబోధిని – 6వ పాఠం: తీగలు మార్చడంలో తొలి పొరపాట్లు

గత పాఠంలో ఆరు తీగలనూ శ్రుతి చేయడం నేర్చుకున్నాం. ఆ పాఠం పూర్తయిన వారిలో చాలామంది అడిగే ప్రశ్న ఒకటే: ఎంత జాగ్రత్తగా శ్రుతి చేసినా రెండు పాటలు వాయించేలోపే గిటారు ఎందుకు దిగిపోతుంది? హనుమకొండలో నా దగ్గరికి నేర్చుకోవడానికి వచ్చేవారిలో చర్చి గాన బృందాల పిల్లలు ఎక్కువ. వారు తమ గిటారు నాసిరకమని, పెగ్‌లు (శ్రుతి చేయడానికి తిప్పే మరలు) మార్పించాలని అనుకుంటూ వస్తారు. తీగలు విప్పి సరిగ్గా చుట్టి ఇస్తే అదే గిటారు ఆరాధన ముగిసేవరకు శ్రుతిలో నిలబడుతుంది. అందుకే ఈ పాఠాన్ని తీగలు మార్చే పనికి కేటాయిస్తున్నాను.

మొదటి పొరపాటు దుకాణంలోనే జరుగుతుంది. గిటారు తీగలు కావాలని మాత్రమే అడిగితే అకూస్టిక్ గిటారుకు వేసే కంచు తీగల ప్యాకెట్ చేతికి రావచ్చు. ఎలక్ట్రిక్ గిటారులో ధ్వనిని పట్టుకునేది తీగల కింద ఉండే పికప్‌లోని అయస్కాంతం. కంచుకు అయస్కాంత గుణం లేదు కనుక, లోపల ఉక్కు ఉన్నా, కంచు చుట్టిన ఆ లావు తీగలు బలహీనంగానూ సన్నని నున్నటి ఉక్కు తీగలు గట్టిగానూ వినిపిస్తాయి. ప్యాకెట్ మీద ఎలక్ట్రిక్ అని, నికెల్ అని ఉందో లేదో చూడండి. మందం కూడా పాతదే తీసుకోండి. 9–42 (అత్యంత సన్నని, అత్యంత లావు తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) తీగలున్న గిటారుకు 10–46 వేస్తే లాగుడు పెరిగి మెడ ముందుకు వంగుతుంది, ఆ సవరణ మనం ఇంకా నేర్చుకోలేదు.

ఇక విప్పడం. బిగుతుగా ఉన్న తీగను కటింగ్ ప్లేయర్‌తో ఎప్పుడూ కత్తిరించకండి. 10–46 తీగలు ఆరూ కలిసి మెడను లాగే బలం సుమారు 45 కిలోలు ఉంటుంది. బిగుతు మీద తెగిన తీగ కొన కొరడాలా ఎగిరి కంటికి తగలవచ్చు. పెగ్ తిప్పి, తీగ పూర్తిగా వదులై వేలాడిన తర్వాతే కత్తిరించండి.

ఆరు తీగలూ ఒకేసారి తీస్తే మెడ పాడవుతుందని ఒక నమ్మకం ఉంది. బ్రిడ్జ్ (బాడీ మీద తీగలను మోసే భాగం) కదలకుండా బిగించి ఉన్న గిటారుకు అరగంట తీగలు లేకపోయినంత మాత్రాన ఏమీ కాదు. వేళ్లతో తీగలు నొక్కే ఫ్రెట్‌బోర్డ్ మీద పేరుకున్న చెమట మురికిని తుడవడానికి అదే మంచి అవకాశం కూడా. అయితే బ్రిడ్జ్ తేలుతూ ఉండే గిటార్ల సంగతి వేరు. అక్కడ ముందు నుంచి తీగలు, వెనుక గూటిలోంచి స్ప్రింగులు సరిసమానంగా లాగుతుంటేనే బ్రిడ్జ్ నిలబడుతుంది. తీగలన్నీ తీస్తే స్ప్రింగులు దాన్ని వెనక్కి లాగేస్తాయి. తిరిగి శ్రుతి చేసేటప్పుడు ఒక తీగ బిగిస్తే మిగతా ఐదూ దిగుతూ, పని తెమలదు. అటువంటి గిటారుకు ఒక్కొక్క తీగనే మార్చండి. లెస్ పాల్ అనే మోడల్ తరహా గిటార్లలో మాత్రం బ్రిడ్జ్ వెనుక తీగల చివరలు తగిలించే టెయిల్‌పీస్‌ను పట్టి ఉంచేది తీగల లాగుడే కనుక, అన్నీ తీస్తే అది జారి పడి బాడీ మీద గీత పడుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి, అంటే చుట్టడానికి వద్దాం.

నేను మొదటిసారి తీగలు మార్చినప్పుడు ఆరో తీగను పెగ్ వరకు కొలిచి ముందే కత్తిరించాను. పోస్ట్ (పెగ్ తిప్పితే తిరుగుతూ తీగను చుట్టుకునే కడ్డీ) మీద ఒక్క చుట్టు కూడా నిండలేదు. మరునాటి ఆదివారం రెండో పాట మధ్యలో అది జారి ఊడింది. ఆ రోజు ఐదు తీగలతోనే వాయించాను. తర్వాత భయం కొద్దీ ఎనిమిది తొమ్మిది చుట్లు వేయడం మొదలుపెట్టాను, శ్రుతి మరింత నిలవలేదు. కారణం అర్థం కావడానికి చాలా కాలం పట్టింది.

వరంగల్ కొత్తవాడలో దర్రీలు నేసే ఇండ్లల్లో కండె చుట్టడం చూసినవారికి ఈ కారణం వెంటనే తెలుస్తుంది. దారం వరుసగా, ఒకదాని పక్కన ఒకటిగా పడితేనే కండె సాఫీగా విడుతుంది. ఒకదాని మీద ఒకటి ఎక్కిన దారం బిగుతు పడగానే కిందికి జారుతుంది. గిటారు తీగ కూడా అంతే. పోస్ట్ మీద చుట్టు మీద చుట్టు పడి ఉంటే, మీరు తీగను వంచి వాయించిన ప్రతిసారీ పై చుట్టు కొద్దికొద్దిగా సర్దుకుంటుంది, సర్దుకున్న ప్రతిసారీ స్వరం దిగుతుంది.

కాబట్టి పైన సన్నని తీగ చుట్టి ఉండే లావు తీగలకు రెండు మూడు చుట్లు, సన్నని నున్నటి తీగలకు మూడు నాలుగు చుట్లు చాలు. పోస్ట్ మందం సుమారు 6 మిల్లీమీటర్లు అనుకుంటే ఒక్కో చుట్టుకు దాదాపు 2 సెంటీమీటర్ల తీగ పడుతుంది. అంటే తీగను రంధ్రంలోంచి బిగుతుగా లాగిన తర్వాత లావు తీగకు 5, సన్నని తీగకు 7 సెంటీమీటర్ల వదులు వెనక్కి ఇవ్వాలి. రంధ్రం దగ్గర తీగను గట్టిగా మడిచి, ఎడమ చేతితో తీగను కొంచెం బిగబట్టి, కుడి చేతితో పెగ్ తిప్పండి. ప్రతి కొత్త చుట్టూ ముందటి దాని కిందికే రావాలి. అప్పుడు తీగ నట్ (మెడ చివర తీగలు కూర్చునే గాడుల పట్టీ) మీదకు తగినంత ఏటవాలుగా దిగి, గాడిలో గట్టిగా కూర్చుంటుంది. తీగ పోస్ట్‌ను చుట్టవలసింది తలభాగం లోపలి వైపు నుంచి, పెగ్ పిడి ఉన్న వైపు నుంచి కాదు. ఈ ఒక్క దిక్కు తప్పి, పెగ్ తలకిందులుగా పనిచేస్తోందని తికమకపడేవారు తరచూ కనిపిస్తారు. తీగను తామే బిగించి పట్టుకునే లాకింగ్ పెగ్‌లు ఉన్నవారికి ఈ చుట్ల లెక్క అవసరం లేదు.

అలా చుట్టి ఉన్న లావు తీగను మడవకుండా కత్తిరిస్తే పైనున్న సన్నని తీగ లోపలి తీగ మీద సడలి, మోత మొద్దుబారుతుంది. మడిచిన తర్వాతే కత్తిరించండి.

శ్రుతి చేసేటప్పుడు ట్యూనర్ యాప్ చూపే అక్షరాన్ని గుడ్డిగా నమ్మకండి. ఆరో తీగ, ఒకటో తీగ రెండింటికీ అది ‘ఈ’ అనే చూపిస్తుంది, కానీ మొదటిది సుమారు 82 హెర్ట్జ్, రెండోది సుమారు 330. చెవితో సరిచూసుకోకుండా స్వరాన్ని దాటి బిగించినవారి చేతిలోనే ఒకటో తీగ తెగుతుంది. ఎప్పుడూ కింది నుంచి పైకి ఎక్కిస్తూ స్వరానికి చేరండి. దాటిపోతే కిందికి దించి మళ్లీ ఎక్కించండి.

కొత్త తీగ సాగుతుంది. మెడ మీది పన్నెండో ఫ్రెట్ (అడ్డంగా ఉండే లోహపు పట్టీ) దగ్గర వేళ్లతో మెల్లగా పైకి లాగి వదిలి, మళ్లీ శ్రుతి చేయండి. నాలుగైదు సార్లకు దిగడం ఆగుతుంది. మూడో తీగ బిగించేటప్పుడు ‘టిక్’ మని చప్పుడు వస్తే అది నట్ గాడిలో పట్టుకుంటోందని అర్థం. పెన్సిల్ మొన ఆ గాడిలో రుద్దితే చాలు, అందులోని గ్రాఫైటే నూనె పని చేస్తుంది.

కత్తిరించిన తోకలను వెంటనే ఖాళీ అగ్గిపెట్టెలో వేయండి. కింద కూర్చుని పని చేసుకునే ఇండ్లల్లో అవి పిల్లల పాదాల్లో దిగుతాయి. వానకాలం తేమకు తీగలు తొందరగా తుప్పు పడతాయి కనుక వాయించిన ప్రతిసారీ పొడి బట్టతో తుడవండి.

ఈ వారం అభ్యాసం: తీగలు మార్చి, శ్రుతి చేసి, రాత్రంతా వదిలేయండి. ఉదయం ఏ తీగ ఎంత దిగిందో నోటుపుస్తకంలో రాసి, ఎక్కువగా దిగిన తీగ చుట్లను పరీక్షించి మళ్లీ చుట్టండి. వచ్చే పాఠంలో పన్నెండో ఫ్రెట్ దగ్గర స్వరం సరిపోతోందో లేదో చూసి, బ్రిడ్జ్ మీది స్క్రూలతో సవరించడం నేర్చుకుందాం.