మార్చిలో సెన్‌పాయికి ఏ పాట పాడాలి?

జపాన్‌లో మీరు ఏ నెలలో అడుగుపెట్టినా సరే, ఫిబ్రవరి చివరికి ఒక పిలుపు వస్తుంది. యూనివర్సిటీలో అయితే దాన్ని ‘ఒయికోన్’ అంటారు, ఆఫీసులో అయితే ‘సోబెత్సుకై’ అంటారు. రెండూ వీడ్కోలు విందులే. ఇక్కడ చదువుల ఏడాది, చాలా కంపెనీల లెక్కల ఏడాది మార్చి 31తో ముగుస్తాయి. మీకు మిషను పట్టుకోవడం నేర్పిన సీనియరు, మొదటి వారం వార్డు ఆఫీసుకి వెంటవచ్చి ఫారాలు నింపిపెట్టిన సెన్‌పాయి (మనకన్నా ముందు చేరినవాళ్ళని ఇక్కడ అలా అంటారు), మీ తప్పుల జపనీస్‌ని ఓపికగా విన్న మేనేజరు, అందరూ ఒక్క నెలలోనే కదులుతారు. విందు అయ్యాక కరావోకేకి, అంటే వాద్యాల బాణీ మోగుతుంటే మనం మైకులో పాడే గదికి, వెళ్తారు. అక్కడ మైకు మీ చేతికి వస్తుంది.

అప్పుడు ఏది పాడాలో ముందే అనుకుని పెట్టుకోవాలి. నెట్‌లో ‘వీడ్కోలు పాటలు’ అని వెతికి పైన కనిపించింది ఎంచుకుంటే ఇబ్బంది పడతారు. నేను పడ్డాను. మొదటి ఏడు ‘నాదా సోసో’ నేర్చుకున్నాను. మెల్లటి రాగం, చిన్న చిన్న మాటలు, మన గొంతుకి హాయిగా పడుతుంది. సాయంత్రం ల్యాబ్‌లో ఎవరూ లేరనుకుని పాడుకుంటుంటే, అక్కడ పనిచేసే పెద్దావిడ విని నా పక్కన కూర్చున్నారు. ఈ పాట సాహిత్యం మోరియామా ర్యోకో అనే గాయని చనిపోయిన తన అన్నను తలచుకుని రాసిందని నెమ్మదిగా చెప్పారు. నేను పాడబోయేది కొత్త ఉద్యోగంలో చేరడానికి వెళ్తున్న మనిషికి! గుండె గుభేలుమంది. ఇంకా మూడు రోజులుంది గనక పాట మార్చుకున్నాను.

అప్పటినుంచి ఏ పాటకైనా ముందు ఒక్కటే చూస్తాను. అందులో మాట్లాడేది ఎవరు, ఎవరితో? రాగం, పేరు ఆ తర్వాత.

‘ఒకురు కొతొబా’ సంగతి చూడండి. 1979 పాట, కైయెన్‌తాయి బృందానిది. పేరుకి అర్థం, వెళ్ళేవాళ్ళకి మనం ఇచ్చే మాటలు. పేరు చూస్తే మనకోసమే రాశారనిపిస్తుంది. కానీ పాట రాసిన తకెదా తెత్సుయా అదే పాట వచ్చే టీవీ సీరియల్లో బడిపంతులుగా నటించాడు. అందువల్ల ఈ పాట వింటే జపాన్‌వాళ్ళ చెవికి పంతులుగారు పిల్లల్ని సాగనంపుతున్నట్టు ఉంటుంది. నిజానికి సాహిత్యం మటుకు ప్రేమికులు విడిపోయే సందర్భానిది. చేరి ఏడాదైనా కాని మనం దాన్ని మేనేజరుగారికి పాడితే శిష్యుడు గురువుగారి తలమీద చెయ్యిపెట్టి దీవించినట్టే. అక్కడున్న పెద్దవాళ్ళే ఎత్తుకుంటే సంతోషంగా గొంతు కలపండి, మీరుగా ఎంచుకోవద్దు.

‘తబిదాచి నో హి ని’ కూడా మొదట పెద్దల గొంతే. 1991లో సైతామాలోని చిచిబు ఊళ్ళో, కగెమోరి మిడిల్ స్కూల్లో పుట్టింది. హెడ్మాస్టరు మాటలు రాస్తే సంగీతం టీచరు బాణీ కట్టారు. బడి వదిలిపోతున్న పిల్లలకి చెప్పకుండా దాచిపెట్టి టీచర్లంతా కలిసి పాడారు. ఒక్కసారి పాడదామనుకున్న పాట దేశమంతా పాకి, ఇప్పుడు పిల్లలే పాడుకుంటున్నారు. కాబట్టి జూనియర్లంతా కలిసి పాడితే చాలా బాగుంటుంది. గొంతులు విడివిడిగా వెళ్ళి కలిసే పాట కావడంతో ఒక్కరే మైకు పట్టుకుంటే వెలితిగా ఉంటుంది.

గురువుకి శిష్యుడు చెప్పే మాట నేరుగా ఉన్నది ‘అఒగెబ తోతోషి’. ఇది 1884లో బడిపిల్లల పాటల పుస్తకంలో అచ్చయింది. బాణీ అమెరికా బడి పాటది. తలెత్తి చూస్తే ఎంత గొప్పదో మా గురువుల ఋణం, అని మొదలవుతుంది. భాష పాతది, మన గ్రాంథికం లాంటిది. ‘ఇతొ తొషి’ అన్నచోట ‘ఎంత వేగంగా గడిచాయో ఈ ఏళ్ళు’ అని అర్థం. జపాన్ పిల్లలు కూడా దాన్ని ‘ఇతొషి’ అనుకుని ‘ప్రియమైన’ అని అర్థం చేసుకుంటారు. ఈ మధ్య బళ్ళలో దీన్ని పాడటం తగ్గింది. ఇరవై అయిదేళ్ళ సీనియరుకి పాడితే అతనికి బరువుగా ఉంటుంది. రిటైరవుతున్న ప్రొఫెసరుగారి చివరి పాఠం, అంటే ‘సైషూ కోగి’, అయ్యాక శిష్యులంతా నిలబడి పాడితే మాత్రం దీన్ని మించింది నాకు తెలియదు.

ఇక పిలుపు సంగతి. జపనీస్ పాటల్లో ‘కిమి’ అనే మాట అడుగడుగునా వస్తుంది. అది మన ‘నువ్వు’. పైవాళ్ళు కిందివాళ్ళని, స్నేహితులు ఒకరినొకరు అనేది. మామూలు మాటల్లో మేనేజరుని ‘కిమి’ అంటే ఆ గది నిశ్శబ్దమైపోతుంది. పాటలో ఎవరూ తప్పుపట్టరు, అయినా ఎదురుగా ఆయన కూర్చుని ఉండగా మీకే నోరు తిరగదు. మన పెద్దనాన్నని ‘నువ్వు’ అని పాడమన్నట్టు ఉంటుంది. ‘మీరు’కి కాస్త దగ్గరైన ‘అనత’ ఉన్న పాట కొంత నయం. మోరియామా నఒతరో (పైన చెప్పిన ర్యోకోగారి అబ్బాయే) 2003లో పాడిన ‘సకురా’లో ఉన్నది ‘కిమి’యే, అందుకే ఏడాది రెండేళ్ళ పెద్దయిన సీనియరుకైతే చక్కగా సరిపోతుంది. అది మిత్రుడిని సాగనంపే పాట. డైరెక్టరుగారికి వద్దు. సకురా అంటే చెర్రీ పూలు, ఆ పాటలన్నీ మార్చి, ఏప్రిల్ నెలలకే. సెప్టెంబరులో పట్టా తీసుకుని వెళ్ళేవాళ్ళకి పూలు రాలడం గురించి పాడితే అతకదు.

చాలామందికి నేను చెప్పే పాట ‘సన్‌గత్సు కొకొనొక’, అంటే మార్చి 9. రెమిఒరొమెన్ బృందం 2004లో విడుదల చేసింది. మొదట ఒక స్నేహితుడి పెళ్ళికోసం కట్టిన పాట, తర్వాత ఒక టీవీ సీరియల్లో పిల్లలు కలిసి పాడాక బడి చివరి రోజు పాటగా స్థిరపడింది. కళ్ళు మూసుకుంటే రెప్పల వెనక మీరున్నారు, దానివల్ల నాకు ఎంత బలం వచ్చిందో అని ఉంటుంది అందులో. నాకు దారి చూపిన మనిషికి సరిగ్గా అదే చెప్పాలని ఉంటుంది. పిలుపు ‘అనత’. పైగా మూడుని ‘సన్’, తొమ్మిదిని ‘క్యూ’ అని చదివితే ‘సన్‌క్యూ’, థ్యాంక్యూ అవుతుంది. పాడే ముందు ఈ మాట చెప్పండి, అందరి ముఖాలూ విచ్చుకుంటాయి.

అంత పొడుగు పాట నేర్చుకునే తీరిక లేకపోతే 1961 నాటి ‘ఉఎ ఒ ముయితె అరుకో’ ఉంది. కన్నీళ్ళు కిందపడకుండా పైకి చూస్తూ నడుద్దాం అనే పాట. సకమొతొ క్యూ పాడిన ఈ పాట 1963లో అమెరికా బిల్‌బోర్డ్ జాబితాలో మొదటి స్థానానికి వెళ్ళింది. మీరు తడబడినా గదిలో అందరూ అందుకుంటారు. ‘హొతరు నో హికరి’ అనే వీడ్కోలు పాటని మాత్రం చివరివరకూ ఆపండి. జపాన్‌లో దుకాణాలు మూసేవేళ ఆ బాణీయే వేస్తారు. విందు మధ్యలో వినిపిస్తే జనం చేతులు కోట్లవైపు వెళ్తాయి.

నేర్చుకోవడంలో మనకు ఒక అనుకూలం ఉంది. పాటని రోమన్ అక్షరాల్లో రాసుకోకండి, తెలుగులో రాసుకోండి. రోమన్‌లో హ్రస్వం, దీర్ఘం కలిసిపోతాయి. ఇక్కడ ‘ఒబసన్’ అంటే అత్త, ‘ఒబాసన్’ అంటే అమ్మమ్మ. మన ఛందస్సులో మాత్రల లెక్క గుర్తుందా? బడిని ‘గక్కో’ అంటారు. గక్ గురువు, కో గురువు, మొత్తం నాలుగు మాత్రలు. జపాన్‌వాళ్ళ లెక్కలోనూ నాలుగే. ఒత్తు ముందు ఆగడం, పొల్లు ‘న్’కి కూడా ఒక మాత్ర ఇవ్వడం, ఈ రెండూ పట్టుకుంటే తాళం తప్పదు. ‘త్సు’ పలకడానికి తంటాలు పడక్కర్లేదు. ‘చుక్క’ అన్నప్పుడు మన నోట వచ్చే చు చాలు. ‘త్సుకి’ అంటే చంద్రుడు, చుక్క పక్కనే ఉన్నాడు.

విందు ఏర్పాట్లు చూసేవాళ్ళని ‘కన్‌జి’ అంటారు. వారం ముందే వాళ్ళకి పాట పేరు చెప్పి ఎప్పుడు పాడాలో అడగండి. ఇంకొకరు అదే పాట అనుకుని ఉండొచ్చు. కరావోకే గదికి ఒకసారి ముందే వెళ్ళి, రిమోటులో శ్రుతి ఎంత తగ్గిస్తే మీ గొంతుకి పడుతుందో చూసి ఆ అంకె రాసుకోండి. ఒక చరణం పాడి ఆపినా ఎవరూ ఏమీ అనుకోరు.

పాడే ముందు లేచి నిలబడి, వెళ్తున్నవారి పేరు చివర ‘సన్’ చేర్చి పిలిచి, ‘ఒసెవ ని నరిమషిత’ అనండి. మీ సాయంతో ఇంతదూరం వచ్చాను అన్నట్టు. ‘గొకురోసమ’ అనొద్దు, అది పైవాళ్ళు కిందివాళ్ళ పనిని మెచ్చుకునే మాట. వాళ్ళు మీకు చేసిన ఒక్క మేలు పేరుపెట్టి చెప్పండి. నేను ఆ రోజు, “మంచు పడ్డ ఉదయం నాకు షూ కొనిపెట్టారు” అన్నాను. పాట సగంలో మాటలు మరిచిపోతే మా సెన్‌పాయే అందించాడు.

తర్వాత తెలుగు పాట అడుగుతారు. 2022లో ‘ఆర్ ఆర్ ఆర్’ ఇక్కడ విడుదలైనప్పటినుంచి ‘నాటు నాటు’ కావాలంటారు, అందరితో కలిసి ఆడండి. కృతజ్ఞత చెప్పడానికైతే ‘ఎందరో మహానుభావులు, అందరికీ వందనములు’ పల్లవి ఒక్కటి చాలు. త్యాగరాజస్వామి తనకన్నా పెద్దలందరికీ పెట్టిన నమస్కారం అని రెండు వాక్యాల్లో చెప్పి పాడండి. సంతకాల అట్ట, ‘షికిషి’, మీ దగ్గరికి వచ్చినప్పుడు ఆ వరుసని తెలుగు లిపిలోనే రాసి, కింద కటకానాలో, అంటే పరాయి పేర్లకి వాడే జపనీస్ లిపిలో, మీ పేరు రాయండి.