కారు రేడియేటర్ కారుతుంటే తాత్కాలికంగా ఆపే పద్ధతి

ఇంజిన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూతను తిప్పకూడదు. లోపల పీడనంలో ఉన్న కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) ఒక్కసారిగా ఎగజిమ్మి ఒళ్లు కాల్చేస్తుంది. రేడియేటర్ పై గొట్టాన్ని నొక్కితే మెత్తగా, చల్లగా తగిలేదాకా ఆగాలి.

తరువాత కారుతున్న చోటు వెతకాలి. కూలెంట్ ఆరిన చోట ఆకుపచ్చ, గులాబీ లేదా తెల్లటి చారలు కనిపిస్తాయి. గొట్టం చివర కారుతుంటే ముందుగా క్లాంపు (గొట్టాన్ని పట్టి ఉంచే పట్టీ) బిగించి చూడాలి. చివర చీలి ఉండి, గొట్టానికి తగినంత పొడవుంటే, చీలిన ముక్కను కోసేసి మళ్లీ తొడగవచ్చు. మధ్యలో చీలితే, తడి లేకుండా తుడిచి, తనకు తానే అతుక్కునే సిలికాన్ టేపును బాగా సాగదీస్తూ, చీలికకు ఇరువైపులా దాటేలా చుట్టాలి.

రేడియేటర్‌కే సన్నని రంధ్రం పడితే, ఆ చోటును గరుకు కాగితంతో రుద్ది, ఎపాక్సీ పుట్టీని (గట్టిపడే రెండు రంగుల జిగురు ముద్ద) రెండు రంగులూ ఒకటయ్యేదాకా పిసికి అద్ది, ప్యాకెట్‌పై చెప్పినంత సేపు గట్టిపడనివ్వాలి. చేయి చొరని చోట రేడియేటర్‌లో పోస్తే లోపలి నుంచి రంధ్రాన్ని పూడ్చే స్టాప్‌లీక్ ద్రవం పనికొస్తుంది గానీ, మోతాదు మించితే హీటర్‌లోని సన్నని దారులు పూడుకుపోతాయి. గుడ్డు తెల్లసొన పోసే పాత చిట్కాను నేనైతే సిఫారసు చేయను.

కారిన కూలెంట్‌ను శుభ్రంగా తుడిచేయాలి. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం కనుక జంతువులు నాకే ప్రమాదముంది. నీరు నింపి, హీటర్‌ను పూర్తిగా పెట్టి, ఉష్ణోగ్రత ముల్లును గమనిస్తూ మెకానిక్ దగ్గరికి నెమ్మదిగా నడపాలి. ముల్లు ఎరుపు వైపు కదిలితే వెంటనే ఇంజిన్ ఆపేయాలి.