పాముల్ని గుర్తుపట్టడం – 4వ పాఠం: ఇసుక బోవాలు

పోయిన పాఠంలో విషపాము రక్తపింజర మచ్చలు చూశాం. ఈసారి దానిలా కనబడి అన్యాయంగా చచ్చిపోయే పామునూ, దాని చుట్టాన్నీ చూద్దాం. ఈ రెండూ ఇసుక బోవాలే, రెంటికీ విషం లేదు. బెంగళూరు శివార్లలో కొత్త లేఅవుట్లలో ఇల్లు కట్టుకున్న మనవాళ్ళకు ఈ పాఠం తప్పకుండా పనికొస్తుంది.

సులువైనది ముందు. ఎర్ర ఇసుక బోవా, అంటే మన రెండు తలల పాము. ఇక్కడి కన్నడిగులు మణ్ణుముక్క అంటారు. పెద్దదానికి మచ్చలుండవు, ఒళ్ళు మట్టిరంగు, పొడవు రెండు మూడడుగులు. తోక మొద్దుగా, తలంత లావుగా ఉంటుంది. బెదిరితే తలను చుట్టల కింద దాచి తోకను పైకెత్తుతుంది. దెబ్బ తోక మీద పడితే ప్రాణం దక్కుతుంది. తల ఏదో తేల్చాలంటే చిన్న కన్నునూ, మట్టిని తోసుకుపోవడానికి పార అంచులా పలచబడ్డ ముక్కునూ వెతకండి.

కష్టమంతా రెండోదైన గరుకు బోవాతోనే, రక్తపింజర అనుకుని చంపేది దీన్నే. ఒంటినిండా ముదురు మచ్చలు. ఫోన్లో జూమ్ చేసి ఫొటో తీయండి, దగ్గరికి మాత్రం వెళ్ళొద్దు. రక్తపింజర మచ్చలు మూడు వరుసల్లో, అంచు గీసిన అండాకారాల్లా తీరుగా ఉంటాయి. బోవావి అంచులు చెదిరి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. రక్తపింజరకు ముక్కోణపు తల, సన్నటి మెడ. బోవాకు మెడ ఉన్నట్టే తెలియదు, తోక పొట్టిగా ఉండి చివర సూదిగా ముగుస్తుంది. ఏ కొంచెం అనుమానమున్నా రక్తపింజరేనని అనుకుని వెనక్కి తగ్గండి, పట్టేవాళ్ళను పిలవండి. కాటు పడితే 108కి ఫోన్ చేయాలి, పాము ఏదో తేల్చేదాకా ఆగకూడదు.

ఈ తేడాలు రాసిపెట్టాలని తపించినవాడు పాట్రిక్ రస్సెల్. 18వ శతాబ్దం చివర్లో విశాఖపట్నంలో ఉండి పాముల్ని సేకరించిన వైద్యుడు. విషమున్నదేదో లేనిదేదో జనానికి తెలియాలన్నది ఆయన పట్టుదల. రక్తపింజర ఇంగ్లీషు పేరు రస్సెల్స్ వైపర్‌లో ఉన్నది ఆయనే, ఎర్ర బోవాను 1801లో వర్ణించిందీ ఆయనే.

ఎర్ర బోవా ఇంట్లో ఉంటే అదృష్టం, గుప్తనిధి అంటూ లక్షల్లో బేరం పెడతారు. పచ్చి అబద్ధం. ఆ నమ్మకం వల్లే ఎలుకల్ని తిని బతికే ఈ అమాయకపు జీవిని సంచుల్లో కుక్కి అమ్ముతున్నారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పట్టడం, అమ్మడం నేరం. మీ లేఅవుట్లో కనబడితే ఆ చోటు వివరాలు ఆన్‌లైన్‌లో ఎక్కడా పెట్టకండి, అటవీ శాఖకు మాత్రమే చెప్పండి.

అభ్యాసం: మూడు పాముల ఫొటోలూ పక్కపక్కన పెట్టుకుని తలల్ని కాగితంతో కప్పండి. తోకా మచ్చలూ మాత్రమే చూసి ఏది ఏదో చెప్పండి. తర్వాత తోకల్ని కప్పి మళ్ళీ చెప్పండి. వచ్చే పాఠంలో కట్లపాము, తోడేలు పాము.