చారిత్రక చిత్రంతో ఇంగ్లీషు – నాలుగవ పాఠం: మాట ఎక్కడ విరగాలి

గత పాఠంలో ఇచ్చిన పని చూడడానికి చిన్నదే. 'ది కింగ్స్ స్పీచ్' చిత్రంలో నత్తితో బాధపడే యార్క్ డ్యూక్ (తర్వాత ఆరో జార్జి రాజు అయినవాడు) మొదటిసారి మాట సరిచేసే చికిత్సకుడు లయనెల్ లోగ్ గదికి వచ్చిన సన్నివేశాన్ని సబ్‌టైటిల్స్ లేకుండా విని, మూడు నిమిషాల సంభాషణను కాగితం మీద పెట్టమన్నాను. వచ్చిన జవాబులన్నీ దాదాపు ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. నామవాచకాలు, ప్రధాన క్రియలు సరిగ్గానే పడ్డాయి. వాటి మధ్య మాత్రం చుక్కలు, చుక్కల పక్కన "బ్రిటిష్ యాస వల్ల వినబడలేదు" అన్న సంజాయిషీ. ఈ వారం కర్మణి ప్రయోగం చెబుదామనుకున్నాను కానీ, ఈ చుక్కల సంగతి తేలకుండా ముందుకు వెళ్లడం దండగ.

యాస మీద నెట్టే ఈ వాదం నిలవదు. డ్యూక్‌గా నటించిన కోలిన్ ఫర్త్ పలికేది రాజకుటుంబపు ఇంగ్లీషు. లోగ్‌గా నటించిన జెఫ్రీ రష్ ఆస్ట్రేలియా దేశస్థుడు. లోగ్ కూడా ఆ దేశంలోని అడిలైడ్‌లో పుట్టినవాడే. ఇద్దరి అచ్చులూ వేరు, మాటల సాగతీత వేరు. అయినా మీ చుక్కలు ఇద్దరి మాటల్లోనూ అవే చోట్ల పడ్డాయి: ఆఫ్, టు, ఫర్, ది, ఎట్, హావ్, వజ్, కెన్. లోపం యాసలో ఉంటే ఒకరి దగ్గర ఎక్కువగా, మరొకరి దగ్గర తక్కువగా ఉండాలి కదా.

అసలు సంగతి ఇది. తెలుగులో ప్రతి అక్షరానికీ దాని మాత్ర దానికి దక్కుతుంది. లఘువుకు ఒకటి, గురువుకు రెండు, ఎవరి వాటా ఎవరూ లాక్కోరు. ఇంగ్లీషు వాక్యంలో బలం కొన్ని మాటల మీదే పడుతుంది, తక్కినవి ఆ బలమైన మాటల మధ్య ఇరుక్కుని నలిగిపోతాయి. 'ఫిష్ అండ్ చిప్స్' అన్నప్పుడు మధ్యలోని 'అండ్' ఒక్క 'న్' గా మిగులుతుంది. 'కప్ ఆఫ్ టీ' లో 'ఆఫ్' కు మిగిలేది పొట్టి అచ్చు ఒక్కటే. 'ఐ కెన్ కమ్' అన్నప్పుడు 'కెన్' లోని అచ్చు దాదాపు మాయమవుతుంది, అదే 'ఐ కాంట్ కమ్' అంటే 'కాంట్' నిండుగా, దీర్ఘంగా వినిపిస్తుంది. అంటే రావడం కుదురుతుందో లేదో తెలుసుకోవడానికి ఇంగ్లీషు వాళ్లు చివరి 'ట్' కోసం చెవులు రిక్కించరు. ఆ మాట నలిగిందా నిలబడిందా అన్నదే చూస్తారు. మనం 'కెన్' ను నిండుగా పలుకుతాం కనుక నిండుగానే వినబడుతుందని ఎదురుచూస్తాం, అది రాదు, చుక్క పెడతాం. 'షుడ్ హావ్ గాన్' లో 'హావ్' కు 'వ్' మాత్రమే మిగులుతుంది. 'వజ్', 'ఫ్రమ్', 'దెమ్' ఇలా ఎన్నయినా చెప్పవచ్చు.

ఈ బలహీనమైన అచ్చుకు తెలుగు లిపిలో గుర్తు లేదు. మన 'అ' దానికి దగ్గరే గానీ, కాస్త నిండుగా ఉంటుంది. అందువల్ల సంభాషణను తెలుగు అక్షరాల్లో రాసుకుని బట్టీ పట్టే అలవాటును ఈరోజే మానుకోవాలని గట్టిగా చెబుతున్నాను. 'అట్ ది టైమ్ ఆఫ్ ది వార్' అని ఆరు మాటలూ సమానంగా రాసుకున్నవారికి ఆరూ సమానంగానే పలకాలనిపిస్తుంది, అలాగే వినబడాలనిపిస్తుంది. ఈ పాఠంలో నేను తెలుగు లిపి వాడుతున్నది ఏ మాటను గురించి చెబుతున్నానో మీరు గుర్తుపట్టడానికే, ఉచ్చారణ నేర్పడానికి కాదు. మీ నోటుపుస్తకంలో మాత్రం ఇంగ్లీషు లిపే ఉండాలి.

వేగం తగ్గించి వింటే సరిపోతుందా అని కొందరు అడిగారు. సరిపోదు. నలిగిన మాటను నెమ్మదిగా వినిపిస్తే నలిగిన మాటే నెమ్మదిగా వినిపిస్తుంది. దానికి బదులు నేను చేసేది ఇంకొకటి. మొదటిసారి వినేటప్పుడు బలంగా వినిపించిన మాటలను మాత్రమే, మధ్యలో ఖాళీ వదిలి రాసుకుంటాను. తర్వాత చిత్రాన్ని ఆపేసి ఆ ఖాళీలను వ్యాకరణంతో పూరిస్తాను. ఆ తర్వాతే మళ్లీ వింటాను; అప్పుడు చెవి చేసే పని వెతకడం కాదు, సరిచూసుకోవడం. తెర మీది ముఖాలను చూస్తూ వినడం కన్నా ఫోనును బోర్లించి వినడమే నాకు ఇష్టం. సబ్‌టైటిల్స్ ఎలా తీసేయాలో మీకు తెలుసు కనుక దాని గురించి రాయడం లేదు.

ఇప్పుడు చివరి సన్నివేశానికి వెళదాం. ఇంతవరకు మీరు విన్న సంభాషణలు 2010 నాటి ఈ చిత్రానికి డేవిడ్ సీడ్లర్ రాసినవి. ఈ సన్నివేశంలోని 1939 సెప్టెంబరు 3 నాటి యుద్ధ ప్రసంగం అలా కాదు, అది ఆరో జార్జి రేడియోలో నిజంగా చదివినది. అసలు రికార్డింగు కూడా నేటికీ వినడానికి దొరుకుతుంది. అందువల్ల మనకు దాదాపు ఒకే పాఠం రెండు గొంతుల్లో దొరుకుతోంది.

మొదటి వాక్యం చూడండి: 'ఇన్ దిస్ గ్రేవ్ అవర్, పర్‌హాప్స్ ది మోస్ట్ ఫేట్‌ఫుల్ ఇన్ అవర్ హిస్టరీ, ఐ సెండ్ టు ఎవ్రీ హౌస్‌హోల్డ్ ఆఫ్ మై పీపుల్స్, బోత్ ఎట్ హోమ్ అండ్ ఓవర్సీస్, దిస్ మెసేజ్'. వాక్యం ఇంకా సాగుతుంది గానీ మనకు ఇంతవరకు చాలు. ఇందులో 'అవర్' రెండుసార్లు వచ్చింది, ఒకటి ఘడియ, రెండోది మన. రెంటినీ ఒకేలా పలికే వారున్నారు, కాబట్టి ఏది ఏదో చెవి తేల్చదు. మొదటిదాని ముందున్న విశేషణం, రెండోదాని వెనకున్న నామవాచకం తేలుస్తాయి. ఇక 'సెండ్' తర్వాత ఏం పంపుతున్నాడో వెంటనే చెప్పలేదు. ఎవరికి అన్నది ముందు చెప్పి, ఆ ప్రజలు ఎక్కడెక్కడ ఉన్నారో చెప్పి, చివరకు 'దిస్ మెసేజ్' అని కర్మను తెచ్చాడు. ఇంగ్లీషులో క్రియ పక్కనే కర్మ వస్తుందని నేర్చుకున్న విద్యార్థి ఇక్కడ తడబడి, 'సెండ్' దగ్గర వాక్యం తెగిపోయిందనుకుంటాడు. క్రియ కోసం వాక్యం చివరిదాకా ఆగడం అలవాటైన తెలుగువాడికి కర్మ కోసం ఆగడం కష్టం కాకూడదు.

పద్యాన్ని గణాలుగా విడగొట్టి చదివితే లెక్క సరిపోతుంది గానీ అర్థం చెడుతుంది. అన్వయాన్ని బట్టి విరిస్తేనే వినేవాడికి అందుతుంది. ఇంగ్లీషు వాక్యానికీ అంతే. 'ఫర్ ది సెకండ్ టైమ్' ఒక ఖండం, 'ఇన్ ది లైవ్స్ ఆఫ్ మోస్ట్ ఆఫ్ అజ్' ఇంకొకటి, 'వీ ఆర్ ఎట్ వార్' మూడోది. పదిహేను మాటలున్న ఈ వాక్యంలో బలమైన మాటలు నాలుగైదుకు మించవు. ఒక ఖండంలోని మాటల మధ్య విరామం వెతకకండి. 'మోస్ట్ ఆఫ్ అజ్' ను మూడు మాటలుగా విడగొట్టి వినబోయినవారే గతసారి ఎక్కువ చుక్కలు పెట్టారు.

ఈ పద్ధతి నా సొంతం కాదు. రాజు కోసం లోగ్ ఎక్కడెక్కడ ఆగాలో నిలువు గీతలు పెట్టిన ప్రసంగ ప్రతి ఆయన మనవడి దగ్గరున్న కాగితాల్లో ఉంది. ఊపిరి తీసుకోవడానికి రాజుకు పనికివచ్చిన ఆ గీతలే, అర్థాన్ని ముక్కలుగా అందుకోవడానికి మనకు పనికివస్తాయి.

వచ్చిన ఇతర ప్రశ్నలకు క్లుప్తంగా చెబుతాను. రాజ దంపతులను మొదట 'యువర్ మెజెస్టీ' అనీ, తర్వాత 'సర్', 'మామ్' అనీ పిలిచే పద్ధతి దర్బారుకే చెందుతుంది. ఆఫీసు ఉత్తరాల్లోకి తేకండి. లోగ్ దగ్గర డ్యూక్ వరుసగా తిట్లు లంకించుకునే సన్నివేశం సాధనకు కాదు; పిల్లలతో కలిసి చూసేవారు అక్కడ ముందుకు జరపండి. చిత్రంలో చూపిన కాలక్రమాన్ని చరిత్రగా తీసుకోకండి: లోగ్ దగ్గర శిక్షణ 1926లోనే మొదలై, 1927లో కాన్‌బెర్రా ప్రసంగం నాటికే ఫలించింది.

సాధన. ప్రసంగం మొత్తం వినండి, సుమారు ఆరు నిమిషాలు. మొదట ఫర్త్ గొంతులో విని, బలమైన మాటలు రాసి, ఖాళీలు పూరించి, విరామం వినబడిన ప్రతిచోటా నల్ల సిరాతో నిలువు గీత పెట్టండి. తర్వాత అసలు రాజు రికార్డింగు విని అదే కాగితం మీద ఎర్ర సిరాతో గీతలు పెట్టండి. నత్తి వల్ల రాజు ఖండం మధ్యలో ఆగిన చోట్లు కొన్ని దొరుకుతాయి. వాటికి సున్న చుట్టండి, ఎందుకంటే అవి అనుసరించవలసిన విరామాలు కావు. చివరగా నల్ల గీతలను బట్టి మీరే చదివి ఫోనులో రికార్డు చేసి, ఆ రికార్డింగును మీరు రాసిన కాగితం చూడని మరొకరికి వినిపించి, వారిచేత రాయించండి. వారు చుక్కలు పెట్టిన చోట్లను కూడా జవాబుతో పాటు పంపాలి. వారం చాలకపోతే రెండు వారాలు తీసుకోండి. కర్మణి ప్రయోగం ఎక్కడికీ పోదు.